సెల్ఫ్ ఎస్టీమ్‌ని ఆత్మగౌరవం అనవచ్చా?

సందేహం: మా కాలేజీ పిల్లల సెల్ఫ్ ఎస్టీమ్ ఎలా ఉందో తెలుసుకోవడానికి తెలుగులో ఒక ప్రశ్నపత్రం తయారుచేస్తున్నాం. దాన్ని ఆత్మగౌరవం అనాలా, ఆత్మాభిమానం అనాలా, ఆత్మవిశ్వాసమా?

సమాధానం: ముందు ఆత్మవిశ్వాసాన్ని పక్కన పెట్టేయండి. అది ఫలానా పని చేయగలనన్న ధైర్యం. స్టేజీ ఎక్కి గడగడా మాట్లాడే కుర్రాడే గదిలో తలుపేసుకుని నేనెందుకూ పనికిరానని కుమిలిపోతుండవచ్చు. మిగతా రెండూ దగ్గరి మాటలే, కానీ వాడుకలో ఎప్పుడూ ఎదుటివాళ్లతో ముడిపడి ఉంటాయి: "అభిమానం చంపుకుని అప్పు అడిగాను" అంటాం, "అంతమాట పడటానికి నాకు ఆత్మగౌరవం లేదా" అంటాం. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టి తెలుగువారి ఆత్మగౌరవం అన్నప్పుడూ, తర్వాత తెలంగాణ ఉద్యమం ఆత్మగౌరవం అన్నప్పుడూ, మమ్మల్ని చిన్నచూపు చూశారన్న బాధే ఆ మాటలో పలికింది. మీరు కొలవబోయేది వేరు, ఎవరూ చూడనప్పుడు మనిషి తనకు తాను ఎంత విలువ ఇచ్చుకుంటాడన్నది.

అయినా శీర్షికలో ఆత్మగౌరవం ఉంచండి, స్థిరపడిన మాట. ప్రశ్నల్లోకి మాత్రం రానివ్వకండి. "నీకు ఆత్మగౌరవం ఎంతుంది" అంటే తెలుగులో తిట్టినట్టే ఉంటుంది.

సెల్ఫ్ ఎస్టీమ్‌ని కొలవడానికి 1965లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ ఇచ్చిన కొలతనే ఇప్పటికీ ఎక్కువగా వాడతారు. పది వాక్యాలు, అయిదు మంచి వైపు, అయిదు చెడు వైపు, ఒక్కోదానికీ "గట్టిగా ఒప్పుకుంటాను" నుంచి "అసలు ఒప్పుకోను" దాకా నాలుగు మెట్లు. వాటిలో ఒకదాని భావం, గర్వపడటానికి నాలో పెద్దగా ఏమీ లేదని. చిక్కంతా ఇక్కడే. "మా అమ్మాయిని చూసి గర్వపడుతున్నాం" అంటే మెచ్చుకోలు, "దానికి గర్వం" అంటే తప్పు పట్టడం, పైగా తన గురించి తానే గర్వపడటం అనేసరికి మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. ఇంకోటి, వాక్యం "లేదు" అని ముగిస్తే, పిల్లాడు కూడా "లేదు" అంటే ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా? మనం "రాలేదా?" అంటే "అవును, రాలేదు" అని జవాబిచ్చేవాళ్లం కదా. అందుకే "నన్ను చూసుకుని సంతోషపడేంత ఏమీ లేదనిపిస్తుంది" అని రాయండి, అలా "అనిపిస్తుంది"తో ముగిస్తే అవును, కాదు స్పష్టంగా విడిపోతాయి.

ఆత్మస్తుతి తప్పని విని పెరిగిన పిల్ల "నాలో మంచి గుణాలున్నాయి" అన్నచోట వినయం కొద్దీ కూడా తక్కువ మెట్టు ఎంచుకోవచ్చు. కాబట్టి మార్కులు చూసి ఈ అమ్మాయి తనను తాను తక్కువ చేసుకుంటోందని వెంటనే తేల్చేయకండి. కాగితం మీద పేరు రాయించకండి, పక్కన ఎవరినీ కూర్చోబెట్టకండి.