ముప్పై లూపులున్నాయి, ఒక్క పాటా పూర్తి కావడం లేదు. ఏం చేయాలి?

కంప్యూటర్లో పాటలు చేసే ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఎనిమిది బార్ల లూపు (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న ముక్క; ఇక్కడ ఒక బార్ అంటే నాలుగు దెబ్బలు) బాగానే వస్తోందని, దాన్ని పాటగా సాగదీయబోతే విసుగొచ్చి కొత్తది మొదలుపెడుతున్నానని రాశారు. నాదీ చాలాకాలం అదే కథ. హనుమకొండలో ఇంట్లో కూర్చుని, ఆఫీసు అయ్యాక చేసుకునేవాణ్ణి, అంతే.

మొదట్లో ఎఫ్‌ఎల్ ట్రయల్ వెర్షన్ వాడాను. అందులో ప్రాజెక్టు సేవ్ అవుతుంది గానీ, కొనేదాకా దాన్ని మళ్లీ తెరవలేం. పాటను ఎంపీ3గా మాత్రం తీసుకోవచ్చు. అందుకని కూర్చున్న పూటే ఏదో ఒకటి ముగించి లేచేవాణ్ణి. చెత్తవే అనుకోండి, కానీ రెండు నెలల్లో పదకొండు పాటలయ్యాయి. డబ్బులు కట్టి పూర్తి వెర్షన్ కొన్నాక ఏడాది మొత్తంలో రెండే. ఎప్పుడైనా తెరిచి మార్చుకోవచ్చన్న ధీమాతో ఒక్క స్నేర్ డ్రమ్ శబ్దం మీదే మూడు రాత్రులు పోగొట్టాను. ఆ స్నేర్ గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అనలేదు.

కాబట్టి ఇప్పుడు ఆ తలుపు నేనే మూసుకుంటాను. సింథ్ శబ్దం ఫర్వాలేదనిపించగానే ఆ ట్రాకును ఆడియోగా మార్చి, ఆ శబ్దాన్ని పుట్టించే ప్లగిన్‌ను తీసేస్తాను. ఇక దాన్ని కోయడం, జరపడమే తప్ప నాబ్ తిప్పడానికి ఉండదు. మొదటిసారి చేతులు వణుకుతాయి, నిజమే.

రెండోది లెక్క. 128 బీపీఎంలో, అంటే నిమిషానికి 128 దెబ్బల వేగంలో, 32 బార్లంటే సరిగ్గా ఒక నిమిషం. మూడున్నర నిమిషాల పాటకు 112 బార్లు కావాలి. నేను శబ్దాలు వెతకకముందే ప్లేలిస్టులో, అంటే పాటను పేర్చే తెర మీద, మార్కర్లు పెట్టేస్తాను: ఇంట్రో 16, గ్రూవ్ 16, ఊపు పెంచే బిల్డప్ 8, అసలు బీట్ పడే డ్రాప్ 16, ఊపు తగ్గే బ్రేక్‌డౌన్ 16, మళ్లీ బిల్డప్ 8, డ్రాప్ 16, చివర ఔట్రో 16. ఇదేమీ శాస్త్రం కాదు. మీకు నచ్చిన పాటను ఒక ట్రాకులో వేసి, ఎక్కడ ఏది మొదలవుతుందో గీతలు గీసుకున్నా ఇలాంటి లెక్కే వస్తుంది. అవతలివాళ్ల ట్యూన్ తీసుకోవడం లేదు, గదుల కొలతలు చూసుకుంటున్నామంతే.

తర్వాత మీ ఎనిమిది బార్ల లూపును అన్ని వాయిద్యాలతో సహా ఆ 112 బార్ల పొడవునా కాపీ చేయండి. ఇక పని చేర్చడం కాదు, తీసేయడం. ఇంట్రోలో డ్రమ్స్ తప్ప అన్నీ తీసేయండి, బిల్డప్‌లో బేస్ తీసేయండి. గంటలో పాట ఆకారం కనిపిస్తుంది. ఖాళీ తెర ముందు కూర్చుని ‘తర్వాత ఏం రావాలి’ అని ఆలోచించడం కంటే, ఉన్నదాంట్లో ఏది అక్కర్లేదో చెప్పడం చాలా తేలిక. మిక్సింగ్ అయ్యేదాకా ఆగకండి, ఆ రోజే ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్లో పెట్టుకోండి. కాజీపేట వెళ్లే బస్సులో విని, తప్పులు మూడే మూడు రాసుకుంటాను. నాలుగోది తట్టినా రాయను.

గడువు మాత్రం బయటివాళ్లే పెట్టాలి, మనం పెట్టుకున్నది మనమే జరిపేస్తాం. ఒకసారి సద్దుల బతుకమ్మకు మా కాలనీవాళ్లు ఒక మిక్స్ అడిగారు. సాయంత్రం ఐదుకల్లా సౌండ్ బాక్సుల అబ్బాయికి పెన్‌డ్రైవ్ ఇవ్వాలి. ఇచ్చేశాను. బాగానే మోగింది, బ్రేక్‌డౌన్ దాకా. క్లబ్ పాటల అలవాటుతో అక్కడ కిక్ డ్రమ్మూ చప్పట్లూ ఆపేసి, 16 బార్లు మెల్లగా సాగే ప్యాడ్ శబ్దం ఒక్కటే ఉంచాను. ఆ పాట 96 బీపీఎం, అంటే పూర్తిగా 40 సెకన్లు. చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్ల అడుగులు తడబడ్డాయి, చప్పట్లు తలోదారి పట్టాయి. అయిపోయాక పక్కింటి పెద్దమ్మ పిలిచి, ‘పాట మంచిగనే ఉంది బిడ్డా, నడుమ కరెంటు పోయిందనుకున్నం’ అంది.

మరుసటి ఏడాది బ్రేక్‌డౌన్ నాలుగు బార్లకు కుదించాను. చప్పట్లు ఆపలేదు.