మీ వ్యాపారం – మా జవాబు: ముందు ఏ కాగితం, తర్వాత ఏ కాగితం?

ఈసారి ఉత్తరాలన్నీ విశాఖ నుంచి, చుట్టుపక్కల నుంచి వచ్చినవే. అడిగినవి వేరువేరు సంగతులైనా చిక్కు చాలావాటిలో ఒక్కటే. పథకం ఉంది, చట్టం ఉంది, కాగితం మీద తేదీ మాత్రం అటూ ఇటూ అయింది.

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషీన్‌తో షాపు నడుపుతున్నాను. ఒక పెద్ద కంపెనీకి షాఫ్టులు, బుష్‌లు చేసి ఇస్తాం. ఆరు లక్షల బిల్లులు గడువు దాటి ఎనిమిది నెలలైంది. అడిగితే ‘ఫైలు ఫైనాన్స్‌లో ఉంది’ అంటారు. గట్టిగా అడిగితే తర్వాతి ఆర్డరు పోతుందేమోనని భయం. చట్టం నాకేమైనా పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది. అది చిన్న సంస్థల బాకీలను కాపాడే 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం. అయితే ముందు మీ ఉద్యమ్ సర్టిఫికెట్ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థగా ప్రభుత్వ నమోదు పత్రం) తీసి రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. ఒప్పందం కుదిరి, సరుకు ఇచ్చేశాక రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పాత సరఫరాలకు ఈ చట్టం రక్షణ వర్తించదని 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ తేదీకి ముందు బిల్లులు, తర్వాత బిల్లులు రెండు కట్టలుగా విడదీయండి. రెండో కట్టతోనే ముందుకెళ్లండి. అన్నీ కలిపి వేస్తే అవతలి లాయరు మొదటి వాయిదాలోనే పట్టుకునేది దీన్నే.

ఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులోగా డబ్బు ఇవ్వాలి. ఆ గడువు 45 రోజులు మించకూడదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులు. పర్చేజ్ ఆర్డరు(పీఓ)లో ‘90 రోజులు’ అని అచ్చు వేసినా, మీరు కింద సంతకం పెట్టినా, 45 దాటిన భాగం చెల్లదు. మధ్యతరహా సంస్థలకు మాత్రం ఈ రక్షణ లేదు.

రోజుల లెక్క మొదలయ్యేది బిల్లు తేదీ నుంచి కాదు, సరుకు ఒప్పుకున్న రోజు నుంచి. సరుకు అందిన 15 రోజుల్లోపు కొన్నవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే ఒప్పుకున్న రోజు. అందుకే గేటు దగ్గర ముద్ర పడిన డెలివరీ చలాన్ మీ షాపులో అన్నిటికంటే విలువైన కాగితం. ఎక్కువ కేసులు ఇక్కడే కుంటుపడతాయి. డ్రైవరు చలాన్ జేబులో మడిచి పెట్టుకుంటాడు, చెమటకు ముద్ర అలుక్కుపోతుంది, ఆరు నెలల తర్వాత తేదీ కనపడదు. ఏ రోజు చలాన్ ఆ రోజే ఫోటో తీసి, పీఓ నంబరు పేరుతో దాచండి.

ఇక వడ్డీ. ఆలస్యమైన సొమ్ముపై రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 5.50 శాతం అనుకుంటే మూడు రెట్లు 16.50 శాతం, అంటే నెలకు 1.375. ఆరు లక్షల మీద ఎనిమిది నెలలకు సుమారు 69 వేలు అవుతుంది. ఈ లెక్క ఒక కాగితం మీద బిల్లు వారీగా వేసి పెట్టుకోండి, రెండు చోట్ల పనికొస్తుంది.

మొదటి చోటు: కంపెనీ అకౌంట్స్ విభాగం. పర్చేజ్ వాళ్లకు కాదు. పర్చేజ్ వాళ్లతో మీకు రేపు మళ్లీ పని ఉంటుంది. పైగా పన్ను నొప్పి తెలిసేది అకౌంట్స్‌కే. ఉత్తరంలో మూడు సంగతులు రాయండి. ఒకటి, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్)గా వచ్చిన నిబంధన: 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటించి మార్చి 31 నాటికి కూడా చెల్లించని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపలేరు, చెల్లించిన ఏడాదే చూపాలి. రెండు, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా చెల్లించకపోతే దాని మీద తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నదాని మీది జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకున్న సొమ్మును) వడ్డీతో వెనక్కి కట్టాలి. మీ బిల్లులు ఆ హద్దు ఎప్పుడో దాటాయి. మూడు, పైన చెప్పిన వడ్డీ లెక్క. ఆ వడ్డీని వాళ్లు పన్నులో ఖర్చుగా కూడా చూపలేరు. బెదిరింపు మాట ఒక్కటీ వద్దు. ‘మీ ఆడిటర్ దృష్టికి తేగలరు’ అన్న వాక్యం చాలు.

అయినా కదలకపోతే రెండో చోటు ఫెసిలిటేషన్ కౌన్సిల్, అంటే ఈ బాకీల తగాదాలు తేల్చడానికి చట్టం కింద పెట్టిన మండలి. కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌లో ఉద్యమ్ నంబరుతో దరఖాస్తు చేస్తారు. పీఓ, చలాన్, బిల్లు జతచేయాలి. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు). చట్టంలో 90 రోజుల్లో తేల్చాలని ఉంది, ఆ లెక్క నమ్ముకుని అప్పు మాత్రం చేయకండి. మీకు అనుకూలంగా తీర్పు వచ్చి, అవతలివారు దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలి. చాలామంది కొనుగోలుదారులు రాజీకి దిగేది ఈ నిబంధన చూసే. బాకీ మూడేళ్లు దాటనివ్వకండి.

వచ్చే బిల్లులకు ట్రెడ్స్ (బిల్లుల మీద ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదిక) గురించి కూడా ఆలోచించండి. కొనుగోలుదారు మీ బిల్లును ఆ వేదిక మీద ఒప్పుకుంటే బ్యాంకులు వేలంలో పోటీపడి, కొంత తగ్గించుకుని, వెంటనే డబ్బు వేస్తాయి. తర్వాత కొన్నవారు కట్టకపోయినా బ్యాంకు మీ మీదకు రాదు. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు అన్నీ ఇందులో చేరడం తప్పనిసరి. అయితే చేరడం వేరు, మీ బిల్లు ఒప్పుకోవడం వేరు. ఆర్డరు తీసుకునేటప్పుడే ‘చెల్లింపు ట్రెడ్స్ ద్వారా’ అని పీఓలో రాయించుకోండి.

ప్రశ్న: మధురవాడలో ఇంటి దగ్గరే పొడులు, పచ్చళ్లు చేసి మూడేళ్లుగా అమ్ముతున్నాను. 15 లక్షలతో చిన్న యూనిట్ పెట్టాలని ఉంది. మా మరిది గారి ఊరు ఆనందపురం మండలంలో ఉంది, అక్కడి అడ్రసు చూపిస్తే పీఎంఈజీపీలో (యూనిట్ పెట్టుకునేవారికి కేంద్రం ఇచ్చే అప్పు, సబ్సిడీ పథకం) 35 శాతం సబ్సిడీ వస్తుందని ఒకాయన చెప్పారు. చూపించమంటారా?

జవాబు: వద్దమ్మా. యూనిట్ ఎక్కడ నడుస్తుందో అక్కడి అడ్రసే ఇవ్వండి. సబ్సిడీ సర్దుబాటుకు ముందు మనిషి వచ్చి చూసి, ఫోటోలు తీసుకుని వెళ్తారు. అక్కడ తాళం కనిపిస్తే సబ్సిడీ వెనక్కి పోతుంది, అప్పు మాత్రం మీ నెత్తిన మిగులుతుంది.

ఆయన చెప్పిన శాతం నిజమే. పీఎంఈజీపీలో మహిళలకు గ్రామీణ ప్రాంతంలో 35, పట్టణ ప్రాంతంలో 25. మధురవాడ జీవీఎంసీ(విశాఖ నగరపాలక సంస్థ)లో ఉంది కనుక 25. కానీ ఆయన చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఈ పథకంలో మొదటి అప్పు కొత్త యూనిట్లకే. మూడేళ్లుగా అమ్ముతున్నట్టు మీ ఫుడ్ లైసెన్సు, బిల్లు పుస్తకం, ఫోన్‌పే ఖాతా చెబుతుంటే కొత్త యూనిట్ అని ఎలా నమ్మించగలరు? పై ఉత్తరంలో ముందుగా రిజిస్టర్ చేయకపోవడం చిక్కు, ఇక్కడ ముందుగా మొదలుపెట్టడమే చిక్కు.

మీకు సరిపోయేది పీఎంఎఫ్‌ఎంఈ, సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్ల పథకం. నడుస్తున్న యూనిట్ విస్తరణకూ వస్తుంది. ఊరు, పట్నం తేడా లేకుండా అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. 15 లక్షల మీద రెండూ పోల్చి చూడండి. పీఎంఈజీపీలో మీ సొంత వాటా 5 శాతం, 75 వేలు, సబ్సిడీ 3.75 లక్షలు. పీఎంఎఫ్‌ఎంఈలో సొంత వాటా కనీసం 10 శాతం, 1.50 లక్షలు, సబ్సిడీ 5.25 లక్షలు. అంటే అదనంగా 75 వేలు చేతి నుంచి పెట్టగలిగితే సబ్సిడీ లక్షన్నర ఎక్కువ, అబద్ధపు అడ్రసు అవసరమే లేదు. ఒకే యూనిట్‌కు రెండు పథకాల సబ్సిడీ రాదు. రెండింటికీ మంజూరైన కాలం 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు కనుక, పోర్టల్ దరఖాస్తులు తీసుకుంటోందో లేదో చూసుకున్నాకే ప్రాజెక్టు రిపోర్టుకు డబ్బు ఖర్చు పెట్టండి.

సబ్సిడీ అంటే చేతికొచ్చే నగదు అనుకుని చాలామంది లెక్క తప్పుతారు. ఈ రెండు పథకాల్లోనూ ముందు బ్యాంకు అప్పు ఇస్తుంది. సబ్సిడీ సొమ్ము మూడేళ్లు మీ పేరున బ్యాంకులోనే విడిగా ఉంటుంది. దాని మీద మీకు వడ్డీ రాదు, అంత మేర అప్పు మీద బ్యాంకూ వడ్డీ వేయదు. మూడేళ్లు యూనిట్ నడిచి, వాయిదాలు సక్రమంగా కట్టి ఉంటే అప్పులో సర్దుతారు. రెండో ఏడాదే మూసేస్తే పోయినట్టే.

బ్యాంకులో ఫైలు ఆగే చోట్లు కూడా చెబుతాం. అద్దె ఒప్పందం 11 నెలలకు రాసుకుంటారు, అప్పు అయిదేళ్లకు అడుగుతారు, మేనేజరు ఒప్పుకోరు. కనీసం అప్పు కాలానికి సరిపడా రిజిస్టర్డ్ లీజు చేయించండి. కొటేషన్ మీద అమ్మేవారి జీఎస్టీ నంబరు ఉండాలి. మంజూరుకు ముందే పల్వరైజర్ (పొడి కొట్టే మెషీన్) కొనేసి బిల్లు పెడితే ఆ ఖర్చు లెక్కలోకి రాకపోవచ్చు. కరెంటు సంగతి కూడా: ఇంటి మీటరు మీద 3 హార్స్‌పవర్ పల్వరైజర్ నడపలేరు, వేరే కనెక్షన్ ఖర్చు రిపోర్టులోనే వేయించండి. అన్నిటికంటే ముఖ్యం వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకు కొని రోజువారీ నడపడానికి కావలసిన డబ్బు. మిర్చి కొత్త పంట ఉన్నప్పుడే ఏడాదికి సరిపడా కొనాలి, ఆవకాయ కాయ ఏప్రిల్, మే దాటితే దొరకదు. 15 లక్షలూ మెషీన్లకే రాయించుకుంటే, మెషీన్లు మెరుస్తూ ఉంటాయి, కొనడానికి డబ్బుండదు.

తాకట్టు అడిగితే సీజీటీఎంఎస్‌ఈ గ్యారంటీ (తాకట్టు లేని చిన్న సంస్థల అప్పుకు బ్యాంకుకు హామీ ఇచ్చే ట్రస్టు) కింద ఇవ్వమని రాతపూర్వకంగా కోరండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదనే నియమం ఎప్పటి నుంచో ఉండేది, 2026 ఏప్రిల్ నుంచి మంజూరయ్యే అప్పులకు ఆ హద్దు 20 లక్షలు.

ప్రశ్న: రొయ్యల ప్లాంట్లకు అట్టపెట్టెలు సరఫరా చేస్తాం. అమెరికా సుంకాలు పెరిగినప్పటి నుంచి ఆర్డర్లు సగమయ్యాయి. బ్యాంకు వాయిదా ఒకటి తప్పింది, రెండోది కూడా కష్టంగానే ఉంది. ఎగుమతిదారులకు ఇచ్చిన సాయం మాకు వర్తిస్తుందా? – పెందుర్తి

జవాబు: 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరాక కేంద్రం తెచ్చిన రుణ గ్యారంటీలాంటివి ప్రధానంగా ఎగుమతిదారులను ఉద్దేశించినవి. ప్లాంటుకు పెట్టెలు, ఐసు, ఉప్పు అమ్మేవారు ఎగుమతి బిల్లు చూపలేరు కనుక చాలా చోట్ల గేటు బయటే నిలబడిపోతారు. మీకు ఉన్న దారి వేరు, దాన్ని వాడుకునేవారు తక్కువ.

ఎంఎస్‌ఎంఈల పునరుద్ధరణకు 2015లో కేంద్రం ప్రకటించి, రిజర్వు బ్యాంకు అమల్లోకి తెచ్చిన విధానం ఒకటుంది. 25 కోట్ల వరకు అప్పులున్న సంస్థలకు వర్తిస్తుంది. వాయిదా తప్పిన ఖాతాకు బ్యాంకు హెచ్చరిక గుర్తులు వేస్తుంది: 30 రోజుల వరకు మీ ఖాతా ఎస్‌ఎంఏ-0, 60 వరకు ఎస్‌ఎంఏ-1, 90 వరకు ఎస్‌ఎంఏ-2. 90 దాటితే ఎన్‌పీఏ (మొండి బాకీ). దరఖాస్తు ఈ 90 రోజుల లోపే పెట్టాలి. అప్పు 10 లక్షలు దాటితే బ్యాంకులోని కమిటీ ముందుకు వెళ్తుంది, అంతకు లోపు అయితే బ్రాంచి మేనేజరే చూస్తారు. వాయిదాల గడువు పొడిగింపు, అదనపు వర్కింగ్ క్యాపిటల్, వడ్డీని టర్మ్ లోనుగా మార్చడం, ఇవన్నీ అడగవచ్చు.

ఇక్కడా తేదీ గొడవే. మీరు ఎంఎస్‌ఎంఈ అని బ్యాంకు రికార్డులో ఎన్‌పీఏకు ముందే ఉండాలి. బ్యాంకు ఈ విధానం పాటించి తీరాలని, అయితే సంస్థ కూడా తన హోదాను సకాలంలో కాగితాలతో చూపాలని 2024 ఆగస్టులో ప్రో నిట్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రేపే ఉద్యమ్ సర్టిఫికెట్ నకలు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. దరఖాస్తుతో 12 నెలల అమ్మకాలు, ఏ ప్లాంటు నుంచి ఎంత తగ్గింది, చేతిలో ఉన్న ఆర్డర్లు, వచ్చే ఆరు నెలల నగదు లెక్క జతచేయండి. ‘పరిస్థితి బాగోలేదు’ అన్న ఒక్క ముక్క మీద ఏ కమిటీ నిర్ణయం తీసుకోదు. కొత్త కొనుగోలుదారుల వైపు, అంటే మందులు, బిస్కెట్లు, జీడిపప్పు పెట్టెల వైపు, మళ్లుతున్నట్టు ఒక్క పీఓ చూపగలిగినా ఆ ఫైలు బరువే వేరు.

ప్రశ్న: పూర్ణా మార్కెట్ దగ్గర టిఫిను బండి. పాత పదివేల లోను తీర్చేశాను. ఇంకా వస్తుందా?

జవాబు: వస్తుంది. వీధి వ్యాపారులకు అప్పు ఇచ్చే పీఎం స్వనిధి గడువు 2030 మార్చి 31 వరకు పెంచారు. ఇప్పుడు మొదటి విడత 15 వేలు, రెండోది 25 వేలు, మూడోది 50 వేలు. మొదటిది తీర్చేశారు కనుక మీరు రెండోదానికి అర్హులు. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. వెండింగ్ కార్డు గానీ, జీవీఎంసీ సిఫారసు ఉత్తరం గానీ కావాలి. ఆధార్‌కు ఇప్పటి ఫోన్ నంబరే జతై ఉందో లేదో వెళ్లేముందే చూసుకోండి. సగం మంది ఒక ఓటీపీ కోసం రెండుసార్లు తిరుగుతున్నారు.

ప్రశ్న: కురుపాం మార్కెట్‌లో హోల్‌సేల్ వ్యాపారం, ఉద్యమ్ ఉంది. మాకు బాకీ ఉన్న హోటళ్ల మీద ఆ 45 రోజుల చట్టం వాడుకోవచ్చా?

జవాబు: కుదరదు. కొని అమ్మే వ్యాపారులకు 2021 జులై నుంచి ఉద్యమ్ ఇస్తున్నా, అది బ్యాంకు ప్రాధాన్య రంగ రుణం వరకే. బాకీల రక్షణ, టెండర్లలో 25 శాతం కొనుగోలు కోటా తయారీ, సేవా సంస్థలకే. మీరు సరుకును సొంతంగా శుభ్రం చేసి, పొడి కొట్టి, ప్యాక్ చేస్తుంటే ఆ పనిని తయారీ కింద ఉద్యమ్‌లో చేర్పించుకోండి. ఆ సరుకు బిల్లులకు, అదీ చేర్పించిన తేదీ తర్వాత బిల్లులకు, వాదించే అవకాశం ఉంటుంది. ఉద్యమ్ నమోదుకు గానీ మార్పుకు గానీ ప్రభుత్వ రుసుము ఒక్క రూపాయి కూడా లేదు. రెండు వేలు, మూడు వేలు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.