వాట్సాప్‌కి పంపాక దాచిన వాటర్‌మార్క్ దొరకట్లేదా?
చార్మినార్ ఫొటోల్లో మీరు దాచిన గుర్తు వాట్సాప్‌లో పోతోందంటే, సాఫ్ట్‌వేర్ దాన్ని పిక్సెళ్ల చివరి బిట్లలో (రంగు విలువలోని అతి చిన్న అంకెల్లో) రాస్తున్నట్టుంది. వాట్సాప్ ఫొటోను మళ్లీ జేపెగ్‌గా కుదిస్తుంది. ఆ దెబ్బకి మొదట పోయేవి ఆ బిట్లే.

1. సాఫ్ట్‌వేర్‌లో డీసీటీ పద్ధతి ఎంచుకోండి. ఇది జేపెగ్ కూడా వాడే లెక్క; గుర్తును విడి పిక్సెళ్లలో కాక, చిన్న గడుల నమూనాల్లో దాస్తుంది. కుదింపును చాలావరకు తట్టుకుంటుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: సైజు ముందు తగ్గించి, ఆ తర్వాతే గుర్తు వేయండి. వేశాక సైజు మారితే గుర్తు దాగిన ఆ 8×8 పిక్సెళ్ల గడులు కదిలిపోయి గుర్తు చెదురుతుంది. ఎంతకి తగ్గించాలంటే, ఇంట్లో ఇంకో ఫోన్‌కి ఒక ఫొటో పంపి, అక్కడ దిగినదాని కొలత చూడండి. అదే కొలత పెట్టండి.

3. అలా దిగిన కాపీలోనే గుర్తు చదివి చూడండి. దొరక్కపోతే సాఫ్ట్‌వేర్‌లో గుర్తు బలం కొంచెం పెంచండి. మినార్ల నగిషీ మీద తేడా తెలీదు గానీ, ఖాళీ ఆకాశంలో మచ్చలు తేలతాయి, అక్కడ జూమ్ చేసి చూసుకోండి.

కెమెరా నుంచి వచ్చిన అసలు రా ఫైలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఫొటో మీదేనని చూపడానికి అది ఆధారం.