పాత రెక్టరీలో వాటా అద్దెకి తీసుకునే ముందు

మీరు ఇంగ్లండులో చూస్తున్న ‘ఓల్డ్ రెక్టరీ’ నిజంగా 1860ల నాటిదేనా, అసలు రెక్టరీ అంటే ఏంటి అని అడిగారు. తూర్పు ఇంగ్లండులోని సఫోక్‌లో అలాంటి ఇంట్లోనే ఒక వాటాలో మేం మూడేళ్లు కాపురం ఉన్నాం.

రెక్టరీ అంటే ఊరి చర్చి గురువుగారి ఇల్లు. ఒకప్పుడు ఊరి పంటలో దశమభాగం పూర్తిగా అందుకునే హక్కున్న గురువు రెక్టర్. ధాన్యం వాటా వేరేవాళ్లకి పోయి, చిన్నాచితకా మాత్రమే దక్కే ఆయన వికార్. గురువులు తమ పారిష్‌లోనే, అంటే తమ చర్చి కిందికొచ్చే ప్రాంతంలోనే, నివాసం ఉండాలని 1838లో చట్టం బిగించారు. విక్టోరియా కాలంలో ఇన్ని రెక్టరీలు లేవడానికి అదొక పెద్ద కారణం.

ముందు కిటికీలు చూడండి. గాజు మీద పన్ను 1845లో, కిటికీ పన్ను 1851లో ఎత్తేశారు. ఆ తర్వాతి ఇళ్లలో చిన్న గళ్లు పోయి పెద్ద అద్దాలొచ్చాయి. పైకీ కిందికీ జరిగే కిటికీలో పై రెక్క అడుగున, రెండు చివర్లా కొమ్ముల్లాంటి చెక్క కొసలు కనిపిస్తాయి. బరువైన అద్దానికి ఆ మూలల అతుకు ఊడకుండా పెట్టినవి. అయితే కిటికీలు తర్వాత మార్చి ఉండొచ్చు, వాటినొక్కటే నమ్మకండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది గదుల అమరిక. మా ఇంట్లో వీధి తలుపు తీయగానే కుడిపక్క గది ఒకప్పటి స్టడీ, అంటే గురువుగారు చదువుకునే, పనిచేసుకునే గది. బాప్తిస్మం, పెళ్లి, ఖననం పనుల మీద వచ్చే ఊరివాళ్లు ఇంట్లోవాళ్ల మధ్యకి రాకుండా నేరుగా అక్కడికే వెళ్లేవారు. మన వైపు కరణంగారి అరుగు చేసిన పనే అది. ఆ గది గడప మధ్యలో బొటనవేలు పట్టేంత అరిగిపోయి ఉండేది. మిగతా గడపలు అంత అరగలేదు. రోజూ దాటుతుంటే ఎన్ని పాదాలో అనిపించేది.

బయటి గోడలు ఒక తీరుగా లేకపోతే కంగారు పడకండి. డోర్‌సెట్‌లోని రాంపిషంలో వాస్తుశిల్పి పుగిన్ 1840లలో కట్టిన రెక్టరీ, కోల్‌పిట్ హీత్‌లో మరో వాస్తుశిల్పి బటర్‌ఫీల్డ్ కట్టిన వికారేజీ (వికార్ ఇల్లు) అలాంటివే. లోపలి గదికి ఎక్కడ వెలుగు కావాలో అక్కడే కిటికీ. కవి, డిజైనర్ విలియం మోరిస్ కోసం వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ 1859లో గీసిన పేరున్న ఇల్లు రెడ్ హౌస్‌కి దారి వేసింది ఇలాంటి ఇళ్లే.

ఒక్క జాగ్రత్త. ఈ గోడలు సున్నంతో కట్టినవి, మన గానుగ సున్నం మేడల్లాగే లోపలి చెమ్మని బయటికి వదలాలి. మా ఇంటికి ఎవరో మేస్త్రీ ఇటుకల సందులన్నీ సిమెంటుతో పూడ్చేశాడు. చలికాలం వచ్చేసరికి పాప మంచం పక్క గోడంతా బూజు. మీరు వెళ్లినప్పుడు ఉత్తరం గోడకి చెయ్యి ఆనించి చూడండి, ఇటుకల సందులు దేనితో పూడ్చారో అడిగాకే అడ్వాన్సు ఇవ్వండి.