సమాధానం: ఇక్సీకి తోడు పిక్సీ అవసరమా?

కావలి తమ్ముడూ, మొదటి ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే సంతాన చికిత్స) ఫెయిలైందని, ఈసారి పిక్సీ కూడా పెట్టుకోమని నెల్లూరు డాక్టర్ గారన్నారని రాశావు. అప్పు చేసేముందు కాస్త ఆగు.

పిక్సీ అంటే ఇక్సీకి ముందు మంచి వీర్యకణాన్ని ఏరే పద్ధతి. దాని డిష్‌లో హయాలురొనాన్ అనే పదార్థం చుక్కలుంటాయి. పక్వమైన వీర్యకణం తల దానికి అతుక్కుపోతుంది, తోక మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. దాన్ని ఏరి అండంలోకి ఎక్కిస్తారు. వినడానికి బాగానే ఉంది! కానీ బ్రిటన్‌లో 2,772 జంటల మీద చేసిన అధ్యయనం 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మామూలు ఇక్సీతో పోలిస్తే కాన్పులేమీ పెరగలేదు, గర్భస్రావాలు మాత్రం తగ్గాయి. మీకు అబార్షన్లు అయ్యుంటే అడగొచ్చు, లేకుంటే తొందరేం లేదు.

ముందు డీఎఫ్ఐ టెస్టు (వీర్యకణాల డీఎన్ఏ ఎంత దెబ్బతిందో చెప్పేది) చేయించు, వేరికోసిల్ (వృషణాల దగ్గర నరాల వాపు) ఉందేమో చూపించుకో. సిగరెట్ అలవాటుంటే మానెయ్. కొత్త వీర్యకణాలు తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది, తర్వాతి సైకిల్ ఆ లెక్కన పెట్టుకోండి.