మరగని నీరు ఆవిరయ్యేదెలా?

ప్రశ్న: నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరవుతుందని చదువుకున్నాం. మరి ఆరేసిన బట్టల్లోని తడి, సముద్రాల్లోని నీరు అంత వేడెక్కకుండానే ఎలా ఆవిరవుతున్నాయి?

జవాబు: ఆవిరి కావడం, మరగడం ఒకటే అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. నీరు ఎంత చల్లగా ఉన్నా దానిలోని అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. ఉపరితలం దగ్గర ఉన్నవాటిలో మిగిలినవాటికంటే వేగం ఎక్కువగా ఉన్న కొన్ని, పొరుగు అణువుల ఆకర్షణను తెంచుకుని గాలిలో కలిసిపోతాయి. బాష్పీభవనం అంటే ఇదే, దీనికి ఫలానా ఉష్ణోగ్రత ఉండాలన్న నియమం లేదు. వేగం గలవి వెళ్లిపోగా నిదానంగా కదిలేవి మిగులుతాయి కనుక నీరు చల్లబడుతుంది. తడిబట్టను తాకితే చల్లగా తగిలేది అందుకే.

మరగడం వేరు. అప్పుడు ఆవిరి బుడగలు నీటి లోపలే పుడతాయి. వాటిలోని ఆవిరి పీడనం పైనున్న గాలి పీడనానికి సమానమైతే తప్ప ఆ బుడగలు నిలవవు. సముద్రమట్టం వద్ద అందుకు 100 డిగ్రీలు కావాలి; గాలి పలచబడిన ఎవరెస్ట్ శిఖరంపైన అయితే సుమారు 70 డిగ్రీలకే నీరు మరుగుతుంది.

ఇక్కడ వేడి లెక్క కూడా చూడాలి. ఒక గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేయడానికి దాదాపు 100 కెలోరీలు చాలు. ఆ మరిగే నీటిని పూర్తిగా ఆవిరిగా మార్చడానికి మాత్రం మరో 540 కెలోరీలు కావాలి, అయినా అంతసేపూ థర్మామీటరు కదలదు. స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 1760ల ప్రాంతంలో గుర్తించిన గుప్తోష్ణం ఇదే. ఆవిరి తిరిగి నీరైనప్పుడు ఆ వేడంతా బయటపడుతుంది. మరిగే నీటికంటే ఆవిరి తగిలితే చర్మం ఎక్కువగా కాలడానికీ, సముద్రంపై తుపానులు బలం పుంజుకోవడానికీ కారణం అదే.

ప్రశ్న: మరిగే కెటిల్ నుంచి తెల్లగా లేచేది నీటి ఆవిరేనా? మేఘాలు కూడా ఆవిరేనా?

జవాబు: రెండూ కావు. వాడుకలో ఆ తెల్లని పొగను ఆవిరి అని అందరమూ అంటాం, నేనూ అంటాను. కానీ అసలైన నీటి ఆవిరి కంటికి కనిపించదు. కెటిల్ మూతిని కాస్త దూరం నుంచే పరికించి చూడండి: మూతికీ, తెల్లదనానికీ మధ్య ఖాళీగా కనిపించే చిన్న జాగాలో ఉన్నదే ఆవిరి. అది బయటి గాలికి చల్లబడి సన్నని నీటి బిందువులుగా మారినప్పుడు తెల్లగా కనిపిస్తుంది. ఇంకాస్త పైకి వెళ్లాక ఆ బిందువులు మళ్లీ ఆవిరై మాయమవుతాయి.

మేఘమూ అలాంటి బిందువుల గుంపే. అయితే ఆవిరి బిందువుగా మారడానికి దుమ్ము, సముద్రపు ఉప్పు వంటి సూక్ష్మకణాల ఆధారం కావాలి. మేఘంలోని బిందువు వ్యాసం సుమారు 0.02 మిల్లీమీటర్లు, 2 మిల్లీమీటర్ల వాన చినుకు ఒక్కటి తయారవడానికి అలాంటివి దాదాపు 10 లక్షలు కలవాలి. 'మేఘాలు చల్లబడి వర్షిస్తాయి' అని ఒక్క వాక్యంలో తేల్చేసే పాఠాలు ఈ ఘట్టాన్ని వదిలేస్తాయి. పైగా ఆ బిందువులు సున్నా డిగ్రీల వద్దే గడ్డకడతాయన్న హామీ కూడా లేదు. తగిన కణం దొరకకపోతే మైనస్ 35 డిగ్రీలు దాటాక కూడా ద్రవంగానే ఉండగలవు.

ప్రశ్న: ఆవిరైన నీరు తిరిగి కురవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

జవాబు: వాతావరణంలోని ఆవిరి మొత్తాన్నీ ఒక్కసారిగా కురిపిస్తే భూగోళమంతటా సుమారు 25 మిల్లీమీటర్ల ఎత్తు నీరు పరుచుకుంటుంది. ఏడాదికి ప్రపంచ సగటు వర్షపాతం దాదాపు 1,000 మిల్లీమీటర్లు. అంటే గాలిలోని నీరు ఏడాదిలో 40 సార్లు మారుతున్నదన్నమాట. ఆ లెక్కన ఒక అణువు సగటున 9 రోజులు మాత్రమే గాలిలో ఉంటుంది. అదే అణువు మంచుగా కురిసి అంటార్కిటికా హిమఫలకంలో చిక్కుకుంటే సంగతి వేరు: అక్కడ తవ్వి తీసిన మంచులో 8 లక్షల ఏళ్ల నాటిది కూడా ఉంది.