అజిత్రోమైసిన్‌కి తగ్గలేదంటే ఇంకా పెద్ద మందు కావాలని కాదు

మీ బాబుకి గొంతునొప్పి, జ్వరం వస్తే మందుల షాపులో ఇచ్చిన అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు రోజులు వేశామని, తగ్గలేదు కాబట్టి ఇంకా పవర్ ఉన్నది అడగాలా అని రాశారు. ముందు టెన్షన్ పడకండి. పిల్లల గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్లే వస్తాయి, వాటిమీద ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురుపోవడం ఉంటే బహుశా అదే.

దగ్గు లేకుండా జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, మెడ ముందువైపు ముట్టుకుంటే నొప్పెట్టే బిళ్లలు ఉంటే గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ (స్ట్రెప్) అనే బ్యాక్టీరియా కావచ్చు. అజిత్రోమైసిన్ ఈ బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కి అతుక్కుని పని ఆపేస్తుంది. మొండికేసిన రకాలు ఆ అతుక్కునే చోటునే మార్చేస్తాయి, లేదా మందును పంపుతో తోడినట్టు బయటికి నెట్టేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన ప్రమాదకర బ్యాక్టీరియా జాబితాలో ఇవీ ఉన్నాయి. పెన్సిలిన్ మాత్రం 1940ల నుంచి వాడుతున్నా స్ట్రెప్ మీద ఇప్పటికీ పనిచేస్తోంది. కాబట్టి బాబుకి కావాల్సింది పాత మందే కావచ్చు.

పిల్లల డాక్టర్‌కి చూపించి గొంతు స్వాబ్ పరీక్ష (దూదిపుల్లతో గొంతులోంచి నమూనా తీసి చేసేది) గురించి అడగండి. ఇప్పటిదాకా ఏ మందు ఎన్ని రోజులు వేశారో, పెన్సిలిన్ పడక ఎప్పుడైనా దద్దుర్లు వచ్చాయేమో చెప్పండి. స్ట్రెప్ అని తేలితే సాధారణంగా పెన్సిలిన్ కుటుంబానికే చెందిన అమాక్సిసిలిన్ 10 రోజులు రాస్తారు. జ్వరం ముందే తగ్గినా దయచేసి మధ్యలో ఆపకండి, రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినకుండా కాపాడేది ఆ పూర్తి కోర్సే. ఉమ్ము కూడా మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.